పంతొమ్మిదో ఉత్తరానికి జవాబు

పైన్ ఫెర్రీ, జార్జియా
1999 సెప్టెంబర్ 13, సోమవారం

తాతయ్యా,

ఇవాళ పొద్దున ఏడున్నరకి క్లాసు బీరువాలో సుద్దముక్కల కోసం వెతుకుతుంటే నువ్వు దొరికావు!

నిజంగా నువ్వే. ఒక బూట్ల అట్టపెట్టె నిండా పాత ఫోటోలున్నాయి. ఊళ్ళో పత్రిక మూతపడ్డప్పుడు వాళ్ళు బడికి ఇచ్చేసినవట. అందులో ఒక ఫోటోలో లారీ మెట్టు మీద కాలు పెట్టి, టోపీ వెనక్కి నెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న కుర్రాడు. చెవులు చూడగానే గుర్తుపట్టాను. అవే చెవులు నాన్నకీ వచ్చాయి, నాకూ వచ్చాయి. నేను జుట్టు కింద దాచుకుంటాను. లారీ తలుపు మీద ‘స్ట్రాటన్ బ్రదర్స్’ అని మన ఇంటిపేరే రాసుంది. వెనకాల ఊరి ఈతకొలను, నీళ్ళలోకి దూకడానికి ఎత్తైన పలక. ఫోటో కింద అచ్చేసిన నాలుగు మాటల్ని ఎవరో కత్తిరించేశారు.

ఈ ఊరి ఈతకొలను కట్టింది నువ్వా? ఒక్కసారి కూడా చెప్పలేదేం? ఈ ఊరి గురించి నీ నోట నేను విన్నది ఒకే ఒక్క మాట, ‘అక్కడ దోమలెక్కువ, పని తక్కువ’ అని. కాలేజీవాళ్ళు టీచర్ ట్రైనింగుకి ఏ ఊరు కావాలని అడిగితే అందుకే పైన్ ఫెర్రీ అన్నాను. నువ్వు చెప్పనిదంతా ఇక్కడ దాక్కుని ఉంటుందనిపించింది. చూశావా, మూడో వారానికే దొరికిపోయావు.

ఇప్పుడా కొలను లేదు. పార్కు పక్కన గడ్డిమైదానం, నాలుగు బల్లలు, అంతే. పగుళ్ళిచ్చి నీళ్ళు కారిపోయేవని, అందుకే మూసేశారని కిరాణా కొట్టులో చెప్పారు.

నువ్వు ఫోన్లో వినలేవు కాబట్టి ఉత్తరాలే రాస్తాను. నాకూ అదే ఇష్టం. ఈమధ్య మాటలంటే పిచ్చి పట్టుకుంది. ఒక వాక్యం రాసి, అందులో ఒక మాట తీసి ఇంకోటి పెట్టి, కొత్త గౌను వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు చూసుకుంటున్నాను. నవ్వకు.

మాది రెండో తరగతి. పంతొమ్మిది మంది. అసలు టీచరు మిసెస్ ఓర్డ్‌వే, ముప్పయ్యేళ్ళుగా ఇదే గదిలో ఉన్నారు. ఏడేళ్ళ పిల్లలకి ఈ దేశం మొన్నమొన్నటి చరిత్ర ఎలా చెప్పాలండీ అని అడిగితే, “నెమ్మదిగా చెప్పాలి. అన్నీ చెప్పకూడదు,” అన్నారు. వాళ్ళకి నిన్న అన్నా డైనోసార్లన్నా ఒకటేనట. అందుకని గది ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టాం. ఒక కొస 1950, రెండో కొస ఇవాళ. జానెడు తాడు ఒక ఏడాది. పిల్లలు బొమ్మలు గీసి బట్టల క్లిప్పులతో తగిలిస్తారు. దేశంలో జరిగినవి పైన, మన ఊళ్ళో జరిగినవి కింద. గోడ మీద మూడు ప్రశ్నలు పెద్దక్షరాలతో ఉంటాయి. అక్కడ ఏముండేది? ఏం మారింది? నీకెలా తెలుసు?

మూడో ప్రశ్న నాకు చాలా ఇష్టం. ప్రతి క్లాసులోనూ అరిపించేస్తున్నాను.

వెంటనే రాయి. కొలను కట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది? నీతో ఎవరెవరు పనిచేశారు? అన్నీ కావాలి.

గర్వంతో ఉబ్బిపోతున్న నీ మనవరాలు,
బెథనీ


డేటన్, ఒహాయో
సెప్టెంబర్ 18, శనివారం

బెథనీ,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయి సగం ఆ రోజు, సగం మర్నాడు చదివాను.

పక్కింటాయన పెచ్ వాళ్ళ కుక్క మళ్ళీ నా టమాటా మొక్కల మీద పడుకుంది. ఇదేమిటయ్యా అంటే “దానికి చల్లగా ఉంటుంది, వెండెల్,” అన్నాడు. అన్నాడనుకుంటా. పెదాలు అలా కదిలాయి. ముప్పయ్యొక్కేళ్ళు రేకులు నొక్కే మిషన్ పక్కన నిలబడ్డవాడికి మిగిలేది పెదాలే.

ఫోటోలో ఉన్నది నేనే. లారీ మా బాబాయిది. గోడకెక్కించాల్సిన మొహం కాదది. పెట్టెలో పెట్టెయ్. పిల్లలకి రాకెట్లు చూపించు, సంతోషిస్తారు.

నువ్వడిగినవన్నీ పాత సంగతులు. ఆ రోజుల్లో ఏ పని చెప్తే ఆ పని చేసేవాళ్ళం. నీ కారు టైర్లలో గాలి చూపించుకో. వెనక ఎడమది ఎప్పుడూ తగ్గుతుంది.

తాతయ్య


పైన్ ఫెర్రీ
సెప్టెంబర్ 23, గురువారం

సిగ్గుపడే తాతయ్యకి,

నీ వినయం నీ దగ్గరే ఉంచుకో. ఫోటో తాడెక్కింది! ఏ సంవత్సరమో నువ్వు రాయలేదు కాబట్టి నీ మొహం చూసి అంచనా వేసి 1955 దగ్గర పెట్టాను.

నువ్వుంటే చూడాల్సింది. “ఈయన మా తాతయ్య. మన ఊరికి ఈతకొలను కట్టింది ఈయనే,” అన్నాను. పంతొమ్మిది నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. కోడీ అని ఒకడున్నాడు, వాళ్ళ నాన్న ఊరి కౌన్సిల్లో మెంబరు. ప్రతిదానికీ ముందు వాడే లేస్తాడు. “మిస్, చరిత్రలో ఉన్నవాళ్ళు చచ్చిపోయి ఉండాలి కదా?” అన్నాడు. “లేదు, ఈయన టమాటాలు పెంచుతున్నాడు,” అన్నాను. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఏడేళ్ళ పిల్లలకి చరిత్ర అంటే బతికున్న మనిషి చేసింది అని చెప్పగలిగాను. నా ట్రైనింగు డైరీలో ఈ సంగతి రెండు పేజీలు రాశాను.

మిసెస్ ఓర్డ్‌వే ఒక్కరే ముభావంగా ఉన్నారు. ఫోటో ముందు చాలాసేపు నిలబడి, “అది అవసరమా అమ్మాయ్?” అన్నారు. తాడు నిండిపోతోందని ఆవిడ బెంగ. చంద్రుడి మీద మనిషి దిగిన బొమ్మలు పంతొమ్మిది వచ్చేలా ఉన్నాయి మరి.

నువ్వు ఫోన్లో వినలేవని చెప్తే పిల్లలందరూ నీకు ఉత్తరాలు రాస్తామన్నారు. అన్నీ ఇందులో పెడుతున్నాను. ఒక్కటీ దిద్దలేదు. కోడీ ‘మీరు కట్టిన కొలనులో సొరచేప పడుతుందా?’ అని అడిగాడు. ఇంకొకతె నీకు పెళ్ళయిందా అని. కిటికీ పక్కన కూర్చునే టెలీసా ప్యూ అసలు మాట్లాడని పిల్ల. నిన్న గంటసేపు నాలుక బయటపెట్టి మరీ రాసింది. నేను చూడలేదు. మడిచి, అంటించి, ‘ఆయనకి మాత్రమే’ అని రాసింది. అందుకని అలాగే పంపుతున్నాను.

ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం రాస్తే చాలు. వాళ్ళు దాన్ని బతికినంతకాలం దాచుకుంటారు.

బెథనీ


డేటన్
సెప్టెంబర్ 29, బుధవారం

బెథనీ,

పిల్లల చీటీలు ఇందులో ఉన్నాయి. సొరచేప పట్టదని, ఒకసారి కప్ప మాత్రం వచ్చిందని కోడీకి రాశాను. లోతు ఎంతని ఆరుగురు అడిగారు, తొమ్మిదడుగులు. అంచున నీలం పెంకులుండేవి. నేను పదేళ్ళప్పుడు ఆ పలక మీంచి దూకి పొట్ట మీద పడ్డాను. పెళ్ళయిందా అని అడిగిన పిల్లకి అయిందని, మీ నానమ్మ పోయి నాలుగేళ్ళయిందని రాశాను.

చెయ్యి వణుకుతోంది. ఒకటి తక్కువైతే ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఫోటో తీసెయ్యమని చెప్పాను. ఇంకోసారి చెప్తున్నాను. ఎవరైనా చూసి ఏదైనా అంటే నువ్వు ఇబ్బంది పడతావు. ఆ ఊళ్ళో జనానికి గుర్తుపెట్టుకోవడం తప్ప వేరే పని లేదు.

తాతయ్య


పైన్ ఫెర్రీ
అక్టోబర్ 8, శుక్రవారం

తాతయ్యా,

పద్దెనిమిది చీటీలొచ్చాయి. తక్కువైంది టెలీసాది.

సోమవారం పంచిపెట్టాను. అందరూ చీటీలు పట్టుకుని గదంతా తిరుగుతుంటే ఆ పిల్ల రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. తాతయ్యకి చెయ్యి వణికిందమ్మా అన్నాను. “అందరిదీ రాశాక వణికిందా?” అంది. వెటకారం కాదు. తెలుసుకోవాలని అడిగింది.

ఇవాళ పదింటికి వాళ్ళ అమ్మమ్మ వచ్చారు. మిసెస్ వెర్నెల్ ప్యూ. ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తారు. ఆ యూనిఫాంలోనే, మధ్యలో అనుమతి అడిగి వచ్చినట్టున్నారు. గుమ్మంలో నిలబడి, “మా పిల్ల ఉత్తరం దారిలో పోయిందా అమ్మా, ఆయనే పక్కన పెట్టాడా?” అన్నారు.

నేను మళ్ళీ ఆ వణుకు మాటే ఎత్తబోయాను. ఆవిడ వినడం లేదు. తాడు వైపు చూస్తున్నారు.

“ఈ ఫోటో ఇక్కడెందుకుంది?”

కోడీ ఎగిరి లేచాడు. “అది మిస్ స్ట్రాటన్ వాళ్ళ తాతండీ! ఈతకొలను ఆయనే కట్టాడు!”

మిసెస్ ప్యూ నా మొహంలోకి చూశారు. నా చెవులు కనబడ్డాయేమో. తర్వాత వాణ్ణి దగ్గరికి పిలిచారు. “ఇలా రా నాన్నా. లారీలో ఏముందో చెప్పు.”

“మట్టి.”

“నిండుగా ఉందా, ఖాళీగా ఉందా?”

“నిండుగా.”

“కొలను తవ్వితే మట్టి లోపలికి తెస్తారా, బయటికి పంపుతారా?”

“బయటికే.”

“మరి ఈ లారీ వెనకభాగం ఎటు తిరిగుంది?”

వాడు చాలాసేపు చూశాడు. “కొలను వైపు,” అన్నాడు మెల్లగా.

నేను ఆ ఫోటోని నెల్లాళ్ళు చూశాను తాతయ్యా. నీ నవ్వు చూశాను, టోపీ చూశాను, తలుపు మీద మన ఇంటిపేరు చూశాను. మట్టి చూడలేదు.

టెలీసా అప్పుడు చెయ్యెత్తింది. మొదటిసారి. గోడ మీది మూడో ప్రశ్న చూపించి, “మిస్, ఆయన కట్టాడని మీకెలా తెలుసు?” అంది.

నాకు తెలీదన్నాను. నేనే అనుకున్నానని చెప్పాను. మిసెస్ ప్యూ చిన్న కుర్చీ లాక్కుని పిల్లల మధ్య కూర్చున్నారు. ఆవిడ చెప్పింది కాసిని మాటలే. 1962లో, జూన్ ఒకటి నుంచి ఆ కొలనులో ఎవరైనా ఈదొచ్చని కోర్టు చెప్పింది. అంతకుముందు తెల్లవాళ్ళే ఈదాలి. వాళ్ళమ్మ పసుపురంగు కర్టెను కత్తిరించి చెల్లెలికి ఈతబట్టలు కుట్టింది. చెల్లెలి పేరు ఎర్లీన్, తొమ్మిదేళ్ళు. మే నెలలో కౌన్సిల్ వాళ్ళు సమావేశమై, అందరూ ఈదేకంటే ఎవరూ ఈదకపోవడమే మంచిదన్నారు. మూడు రోజుల్లో మట్టితో నింపేశారు.

“అయితే మీ చెల్లి ఎక్కడ ఈదింది?” అని ఒక పిల్ల అడిగింది.

“నదిలో.”

“తర్వాత?”

“తర్వాతేం లేదు నాన్నా.”

మధ్యాహ్నానికి ప్రిన్సిపాల్ మిస్టర్ గ్రేల్‌కి ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. ఏడేళ్ళ పిల్లలకి ఇవేం పాఠాలని. ఫోటో ఆయనే వచ్చి తీసుకెళ్ళిపోయారు. “నేరుగా చంద్రుడి మీదకి వెళ్ళిపొండి,” అన్నారు. తాడు మీద 1961 నుంచి 1969కి ఒక్క గెంతు. మధ్యలో ఏడు ఖాళీ క్లిప్పులు.

ఇంటికొచ్చి నీ పద్దెనిమిది చీటీలూ గుర్తు చేసుకున్నాను. లోతు, పెంకులు, కప్ప. ఒక్కదాంట్లోనూ ‘నేను కట్టాను’ అని లేదు. పదేళ్ళప్పుడే ఆ పలక మీంచి దూకానని నాకు రాశావు, అదీ నాకు తట్టలేదు. ఎంత జాగ్రత్తగా రాశావు! అబద్ధం నాతో ఆడించి, నీ చేత్తో మాత్రం రాయలేదు. మాటలంటే ప్రేమ అని నీకు రాసినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

టెలీసా నీకు ఏం రాసిందో ఇవాళ తనే చెప్పింది. ‘మా అమ్మమ్మ వాళ్ళ చెల్లికి ఈత రాదు. మీ కొలనులో చిన్నపిల్లలు నిలబడేంత చోటు ఉండేదా?’ అని. అది చదివి పక్కన పెట్టావు కదూ?

ఆ పిల్ల నిన్ను అడిగింది. జవాబు రాయి. రాయకపోతే నాకూ రాయకు.

బెథనీ


డేటన్
అక్టోబర్ 13, బుధవారం

బెథనీ,

నువ్వన్నది నిజం. ఆ పిల్ల ఉత్తరం వంటింటి బల్ల మీద రెండు వారాలుగా ఉంది. దాని పక్కనే కూర్చుని తింటున్నాను.

నువ్వు పుట్టకముందు మీ నాన్నకి చెబుదామనుకున్నాను. నువ్వు పుట్టాక ఇంకెందుకులే అనుకున్నాను. నువ్వు ఆ ఊరు వెళ్తానన్నప్పుడు వద్దనాల్సింది. వద్దంటే ఎందుకని అడుగుతావు.

కింద రాసింది టెలీసాకి. మిగతా పిల్లలకి కూడా. నాకు తెలిసిన చిన్న మాటలతో రాశాను. చదివితే మొత్తం చదువు. నది మాట దగ్గర నువ్వు జాలిపడి దాటేస్తావని నాకు తెలుసు. దాటెయ్యకు.

*

టెలీసా,

నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబిస్తున్నాను. చెయ్యి వణకలేదు. భయపడ్డాను.

ఆ కొలనుకి ఒక పక్క చిన్నపిల్లల చోటు ఉండేది. నీళ్ళు నీ నడుం దాకా వస్తాయి. ఈత రానివాళ్ళు అక్కడ హాయిగా నిలబడొచ్చు. మీ అమ్మమ్మ వాళ్ళ చెల్లికి సరిపోయేది.

ఆ కొలను నేను కట్టలేదు. దాన్ని పూడ్చినవాళ్ళలో నేను ఒకణ్ణి. నాకప్పుడు ఇరవైనాలుగేళ్ళు. మూడు రోజులు లారీతో ఎర్రమట్టి తెచ్చి పోశాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. మా బాబాయి రమ్మన్నాడు, వెళ్ళాను. నల్లపిల్లలు ఈ నీళ్ళలో దిగకూడదని అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఫోటో తీసేటప్పుడు నవ్వమన్నారు. చెప్పకపోయినా నవ్వేవాణ్ణే.

మూడో రోజు కంచె బయట ఇద్దరు ఆడపిల్లలు నిలబడి చూస్తున్నారు. చిన్నమ్మాయి గౌను కింద పసుపురంగు పట్టీలు కనబడుతున్నాయి. ఆ అమ్మాయి నన్ను, “అయ్యగారూ, మరి మేం ఎక్కడ ఈదాలి?” అని అడిగింది. మర్యాదగా అడిగింది.

నేను, “నది ఉందిగా, పోయి అందులో పడండి,” అన్నాను.

లారీ మీదున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వినందుకు నాకు సంతోషమేసింది.

జులైలో ఆ అమ్మాయి నదిలో మునిగిపోయింది. మంగలిషాపులో ఎవరో చెప్తే విన్నాను. పసుపు బట్టలు అన్నారు. నేను వాళ్ళింటికి వెళ్ళలేదు. ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబర్‌లో ఊరు వదిలేశాను. పని కోసం వెళ్ళానని అందరికీ చెప్పాను.

నీకెలా తెలుసని మీ క్లాసులో అడుగుతారట. నాకు ఇలా తెలుసు. నేను అక్కడున్నాను. నేనే అన్నాను.

వెండెల్ స్ట్రాటన్


పైన్ ఫెర్రీ
అక్టోబర్ 20, బుధవారం

తాతయ్యా,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. నీ మీద కోపం తగ్గలేదు. తగ్గుతుందో లేదో తెలీదు. ఆ నవ్వు గురించి రాశావే, అది చదివాక కాసేపు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. కానీ రాశావు. అంతే, ఇంకేం అనలేను.

నిన్న బడి అయ్యాక మిసెస్ ఓర్డ్‌వేకి చూపించాను. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని మొత్తం చదివారు. “కొలను పగుళ్ళిచ్చిందని చెప్పడం నాకూ అలవాటైపోయింది,” అన్నారు. ఆ ఏడాది ఆవిడకి పదిహేనేళ్ళట. వేసవంతా ఈదడానికి పాసు కొనుక్కున్నారట. కొలను పూడ్చిన రోజు ఏడ్చారట. “ఎందుకేడ్చానో తెలుసా? పాసు వృథా అయిందని.”

పిల్లలకి ఇది చదువుతానన్నాను. ఆవిడ తలుపు వేసి వచ్చారు.

“గ్రేల్ నీ కాలేజీకి రాస్తాడు. నీకు సర్టిఫికెట్ రాదు.”

“తెలుసండీ.”

“తెలుసనడం తేలిక. నాలుగేళ్ళ చదువమ్మాయ్.”

“వాళ్ళకి అబద్ధం చెప్పింది నేను. మా తాతయ్య పేరు చెప్పి, వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను. రేపు వాళ్ళకి చంద్రుడి గురించి చెప్పినా ఎలా నమ్ముతారు?”

కోడీ అడగనే అడిగాడు. మొన్న చంద్రుడి బొమ్మ చూపిస్తే, “ఇది నిజంగా జరిగిందా, మీరనుకుంటున్నారా?” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

“పోనీ నది మాట వదిలేసి చదువు,” అన్నారు మిసెస్ ఓర్డ్‌వే. “మట్టి పోశాడన్నది చాలు. ఏడేళ్ళవాళ్ళు వాళ్ళు. ఒక పెద్దాయన ఒక పిల్లతో అలా అన్నాడని వాళ్ళకి తెలియాలా?”

నిజం చెప్పనా? నాకూ అదే అనిపించింది. నువ్వు దాటెయ్యొద్దని రాసినా, ఆ వాక్యం కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి బ్రాకెట్లో పెట్టాను. మిసెస్ ప్యూకి చెప్పకుండా చదవకూడదని, అటు నుంచి అటే వాళ్ళింటికి వెళ్ళాను.

ఆవిడ వరండాలో కూర్చుని పెకాన్ కాయలు పగలగొడుతున్నారు. టెలీసా లోపల ఉంది. నన్ను కూర్చోమనలేదు. నిలబడే చదివాను. పెన్సిలు గీత దగ్గరికొచ్చేసరికి దాటేసి, కింది వాక్యంలోకి వెళ్ళిపోయాను. కాయలు పగిలే చప్పుడు ఆగింది.

“ఏదో వదిలేశావు,” అన్నారు.

“లేదండీ…”

“మా చెల్లి అడిగింది. ఆయన ఏదో అన్నాడు. ఆయనేమన్నాడో చదవలేదు నువ్వు.”

అప్పుడు చదివాను. ఆవిడ మొహం మారలేదు. చేతిలోని కాయ పక్కన పెట్టారు.

“కంచె దగ్గర దాని చెయ్యి పట్టుకుని నిలబడింది నేనే,” అన్నారు. “ఆయనన్నది నాకు తెలుసమ్మా. ముప్పై ఏడేళ్ళుగా నాకు తెలియందల్లా ఒక్కటే. ఆయనకి గుర్తుందా లేదా అని. గుర్తుండదనే అనుకున్నాను. ఏదో నోటికొచ్చింది అనేసి, అన్నం తిని పడుకుని ఉంటాడనుకున్నాను.”

ఇంకా ఏమైనా అంటారేమో, నీకు చెప్పమని ఒక మాటైనా ఇస్తారేమోనని నిలబడ్డాను. ఇవ్వలేదు. నేను కూడా అడగలేదు.

“జులై ఎండలో ‘ఆయన చెప్పాడు కదక్కా, నది మనదే’ అంది నాతో,” అన్నారు కాసేపటికి. “వెటకారమని దానికి తెలీలేదు. నాకు తెలిసింది. చెప్పలేదు దానికి. పన్నెండేళ్ళదాన్ని. చెల్లెలి ముందు చిన్నబుచ్చుకోవడం ఇష్టం లేకపోయింది.”

నీకు ఇది రాయాలా వద్దా అని ఇవాళంతా ఆలోచించాను. రాయకపోతే నేను కూడా కత్తిరించినట్టే అవుతుంది. అందుకే రాస్తున్నాను.

మిసెస్ ఓర్డ్‌వే అన్నదే ఆవిడనీ అడిగాను. పిల్లలు మరీ చిన్నవాళ్ళు కదా, ఆ వాక్యం లేకుండా చదవొచ్చా అని. మిసెస్ ప్యూ మళ్ళీ కాయలు పగలగొట్టడం మొదలుపెట్టారు. “ఎర్లీన్‌కి తొమ్మిదేళ్ళు,” అన్నారు. “ఆ మాట అనిపించుకోవడానికి సరిపోయిన వయసు, వినడానికి సరిపోదా? మొత్తం చదువు. లేకపోతే అసలు చదవకు.”

అందుకని చదువుతున్నాను. రేపు పొద్దునే. ఎనిమిదింపావుకి గంట కొడతారు. మిసెస్ ఓర్డ్‌వే హాజరు పట్టీ ఇవ్వడానికి తనే ఆఫీసుకి వెళ్తానన్నారు, ఇరవై నిమిషాలు పడుతుందట. గదిలోనే ఉండండి అని బతిమాలాను. తల అడ్డంగా ఊపారు. ఇంకా రెండేళ్ళుంది ఆవిడ రిటైరవడానికి. నాకు కోపం రాలేదు, చలేసింది.

మిసెస్ ప్యూ ఎనిమిదికే వస్తారు. టెలీసా పక్కన చిన్న కుర్చీలో కూర్చుంటానన్నారు. ముందుగా పిల్లలకి, ఫోటో గురించి నేను చెప్పింది తప్పని, చూడకుండా చెప్పానని చెప్తాను. తర్వాత నీ ఉత్తరం మొదటి వాక్యం నుంచి చదువుతాను. ఏడ్చే పిల్లలుంటే ఆగుతాను. ప్రశ్నలడిగితే, నాకు తెలిసినంత చెప్తాను, తెలీకపోతే తెలీదంటాను.

వాళ్ళ వరండా దిగుతూ ఆవిణ్ణి ఆఖరుకి ఒకటి అడిగాను. ఆ వాక్యం దగ్గర నా గొంతు పెగలకపోతే ఏం చెయ్యమంటారు అని.

“నువ్వాగు,” అన్నారు. “అది నాకు నోటికొచ్చు. నేను చెప్తాను.”

బెథనీ